పెద్దలు వస్తున్నారని పీకిన గుంజలు

మా ఊరి పేరు చెప్పను. కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న పట్నం అనుకోండి, సరిపోతుంది. పేరు చెబితే ఆనాడు మునిసిపాలిటీలో కూర్చున్నవాళ్ళ కొడుకులో మనవలో నా మీదికి వస్తారు, మా తాత అటువంటివాడు కాదంటారు. కాదు నాయనా, నేనూ అదే అంటున్నాను. వాళ్ళలో రాక్షసుడు ఒక్కడూ లేడు. ఉండి ఉంటే నాకింత మంట ఉండేది కాదు.

నేను చొప్పదండి పిల్లను. పెళ్ళయి ఆ ఊరికి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. ఊళ్ళో ముసలివాళ్ళు మాత్రం ఇంకా నిజాం సర్కారు నడుస్తున్నట్టే మాట్లాడేవాళ్ళు. మా అత్తగారిల్లు సాలెవాడలో ఉండేది. ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన నేసేవాడు. రెండోది మా మామది. ఆయన నేను రాకముందే పోతే, ఆ మగ్గంలో మా అత్తే కూర్చుంది. ఆడమనిషి మగ్గమెక్కడమేమిటని వాడంతా ముక్కున వేలేసుకున్నదట. అత్త ఒక్కరినీ లెక్కచేయలేదు. గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుందంటే, పోగుల నడుమ అటూ ఇటూ పోయే నాడెతో పాటు నోరు కూడా ఆడుతూనే ఉండేది. నన్ను తిట్టేది, గడప ఎక్కిన కోడిని తిట్టేది, తెగిన పోగును తిట్టేది. అన్నం మాత్రం నాకు పెట్టిన తర్వాతే తాను తినేది.

ఆమెకు మా ఆయన ఒక్కడే కొడుకు. ఆయన గురించి అత్తకు ఒకటే భయం, బొగ్గుబావి. మా వాడలో మగ్గం సాగని మగవాళ్ళు గోదావరి దాటి చెన్నూరు దిక్కు పోయి, అక్కడి నుంచి బొగ్గుబావుల్లో చేరేవాళ్ళు. నాకూ అదే భయం. మా మేనమామ అట్లాగే పోయాడు. బాయిలో పైకప్పు కూలి నడుము విరిగితే, కంపెనీ క్వార్టరు నుంచి మంచం మీద మోసుకొచ్చారు. మా చొప్పదండి ఇంట్లో ఆయన మూలుగు వింటూనే నేను పెద్దదాన్నయ్యాను. అందుకే అత్తకూ నాకూ ఏ విషయంలో పడకపోయినా ఇందులో మాత్రం ఒకటే మాట. "నా కొడుకు భూమిల దిగడు, దిగనియ్య," అనేది అత్త. ఆ మాట వింటే ఆమె తిట్లన్నీ మర్చిపోయేదాన్ని.

మా వాడకూ బజారుకూ నడుమ ఒక పొడుగాటి జాగ ఉండేది. పడుగుల జాగ అనేవాళ్ళం. బట్టలో నిలువు పోగులుంటాయే, అదే పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని ఆరుబయట బారుగా సాగదీసి, రెండు కొసలా గుంజలకు కట్టి, జొన్నగంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వాలి. గంజి తాగని పోగు మగ్గం మీద ఒక పూట ఆగదు, పుటుక్కున తెగుతుంది. మగవాళ్ళు అటొకరు ఇటొకరు కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంటే, ఆడవాళ్ళం తెగిన పోగులను ముడివేస్తూ వెనకాల నడిచేవాళ్ళం. ఎండ ముదిరితే గంజి బిగుసుకుని పోగులు అతుక్కుపోతాయి, గాలి లేస్తే చిక్కులు పడతాయి. అందుకని కోడి కూయగానే మొదలుపెట్టి, బజారులో దుకాణాల తలుపులు తెరిచే వేళకు ముగించేవాళ్ళం. పడుగు చుట్టుకుని ఇళ్ళకు వచ్చేస్తే జాగలో గుంజలు మాత్రమే మిగిలేవి. మా మామ, ఆయన తండ్రి పట్టుకుని పట్టుకుని నున్నగా చేసిన గుంజలు.

ఆ పని ఒక్క ఇంటివల్ల అయ్యేది కాదు. ఇవాళ వాళ్ళ పడుగుకు మేము పోతే, రేపు మా పడుగుకు వాళ్ళు వచ్చేవాళ్ళు. నిన్న మంచినీళ్ళ దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్ళు కూడా పొద్దున్నే పడుగు దగ్గర పక్కపక్కనే నడిచేవాళ్ళు. ఇంకొక కట్టు ఉండేది. పరిచిన పడుగును ఎవరూ దాటకూడదు. దాటితే ఆ ఇంటి కూడును కాలితో దాటినట్టే. అవతలికి పోవాలంటే ఎంత తొందరున్నా కొసదాకా నడిచి, గుంజను చుట్టి రావాలి. నడక వచ్చిన పిల్లకు మా వాడలో మొదట నేర్పే బుద్ధి అదే.

ఆ గుంజలను ఏడాదికి ఒక్కసారి, బతుకమ్మ పండుగకే పీకేవాళ్ళం. జాగంతా ఊడ్చి, గుంజల గుంతలు మట్టితో పూడ్చి, పేడనీళ్ళతో అలికి ముగ్గులు పెట్టేవాళ్ళం. పండుగ కాగానే మళ్ళీ పాతేవాళ్ళం. అమ్మవారు వచ్చే చోట కాలికి గుంజ తగలకూడదని అట్లా చేసేవాళ్ళం.

ఇగ గుత్తదారు సంగతి. మునిసిపాలిటీకి రోడ్లు, మోరీలు గుత్తకు పట్టి చేసేవాడు. తెల్లని ధోవతి, మెత్తని మాట. ఎదురుపడితే మా అత్తను కూడా "అక్కా, బాగున్నవా," అని పలకరించేవాడు. ఆయనే మునిసిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టాడు. పడుగుల జాగలో వరుసగా మల్గీలు, అంటే దుకాణపు గదులు, కింద పైన రెండంతస్తుల్లో తానే కట్టిస్తాడట. కొన్నేళ్ళు కిరాయి తాను తీసుకుని తర్వాత మునిసిపాలిటీకి అప్పజెబుతాడట. జాగ సర్కారుదే కాబట్టి కౌన్సిలు ఒప్పుకుంటే చాలునట.

ఈ సంగతి డప్పు చాటింపుతో తెలిసింది. అభ్యంతరం ఉన్నవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చని, కౌన్సిలు పెద్దలు ముందు వచ్చి మోకా చూస్తారని, ఆ పైన మీటింగులో తేలుస్తారని చాటారు. మోకా చూడటమంటే జాగను కళ్ళారా చూసి పోవడం. వాడంతా గుండెలు బాదుకున్నది. మా కులపెద్ద అర్జీ రాయించి, వేలిముద్రలు పెట్టించి ఇచ్చివచ్చాడు. మా వార్డు మెంబరు కూడా వచ్చాడు. మేము ఓట్లేసి గెలిపించిన మనిషే.

"ఫికర్ జేయకుండ్రి," అన్నాడు మెంబరు. "పెద్దలు జూడనీకె వస్తరు. జూస్తె వాళ్ళకే సమజైతది. మనోళ్ళ కష్టం కండ్ల పడనియ్యుండ్రి."

అట్లా అన్నవాడు ఎప్పుడు వస్తారో కూడా చెప్పాడు. ఎండ బాగా ఎక్కిన తర్వాత, ఆఫీసు తెరిచాక వస్తారు. అంటే మా పడుగులన్నీ ఎత్తేసిన వేళకు.

ఆ సాయంత్రం కులపెద్ద ఇంటి ముందు అందరం కూర్చున్నాం. కులపెద్ద మంచి మనిషి. నిజాం కాలంలో జిల్లా అధికారి తాలూకుదారు వస్తున్నాడంటే బజారు ఊడ్చి నీళ్ళు చల్లి, చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డవాడు. ఒకసారి బజారులో బండి అడ్డముందని ఆయన తండ్రిని కచేరి ముందు ఎండలో నిలబెట్టారట. అది ఆయన కళ్ళతో చూశాడు. పెద్దలు వస్తున్నారనే మాట వినగానే ఆయన చేతులు వాటంతటవే తలపాగా మీదికి పోయేవి.

"జాగ బతుకమ్మ నాడున్నట్టు ఉండాలె," అన్నాడు. "గుంజలు పీకుండ్రి. ఆడోళ్ళు అలికి ముగ్గులెయ్యుండ్రి. మన మర్యాద జూసి వాళ్ళ మనసు కరగాలె."

మా ఆయన సాధారణంగా పదిమందిలో నోరు విప్పడు. ఆ రోజు లేచి నిలబడ్డాడు. "పెద్దయ్యా, గట్ల కాదు. ఆ దినం పొద్దెక్కినాంక నా పడుగే పరుస్త. కుంచెలు నడుస్తుంటె వచ్చి జూస్తరు. గంజి పాడైతె నాదే పాడైతది, ఆ నష్టం నేను వడ్త."

నాకు గర్వమనిపించింది. ఒక పడుగు చెడితే మా ఇంట్లో పొయ్యి ఎన్నాళ్ళు ఆగుతుందో నాకు తెలుసు. అయినా గర్వమే అనిపించింది. కులపెద్ద ఏదో అనేలోగా మా అత్తే లేచింది.

"ఏందిరా నీ మాట? పెద్దలొస్తె నడుమ పడుగు పరుస్తవా? వాళ్ళు అటు నుంచి ఇటు తిరిగి జూడాలె గద? వాళ్ళకెరుకనా మన కట్టు? కాలెత్తి దాటుతరు. పెద్దలతోటి పడుగు దాటిపిచ్చి ఆ పాపం మన మెడకు చుట్టుకుంటవా?"

"దాటనియ్య అవ్వా. సుట్టు తిరిగి పోండ్రని జెప్త."

"జెప్తడట! చేర్మెన్ సాబును సుట్టు తిరిగి పొమ్మని జెప్తడట! ఇంటికొచ్చినోళ్ళను గట్ల నడిపిచ్చే రాత మనకెందుకురా? ఊకో!"

ఆడవాళ్ళందరూ అత్త వైపే తలలు ఊపారు. దాటకూడనిది దాటితే ఏమవుతుందో అందరికీ భయమే. మా ఆయన ఇంకొక మాట అనబోయి తల్లి ముఖం చూసి కూర్చున్నాడు. ఆయనకు తల్లి మాట జవదాటడం చేతకాదు. అదొక్కటే ఆయనతో నా పేచీ.

మోకా చూసే రోజు తెల్లవారకముందే మగవాళ్ళు గుంజలు పీకారు. గుంతలు పూడ్చి, దిమ్మిసతో గట్టిగా కొట్టారు. ఆడవాళ్ళం పేడనీళ్ళు చల్లి అలికాం. నేనే స్వయంగా ఈ కొస నుంచి ఆ కొసదాకా ముగ్గు పెట్టాను. చొప్పదండి పిల్ల ముగ్గు చూడండని వదినలతో గొప్పలు కూడా పోయాను. అది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇంటికి వచ్చేవాళ్ళకు చోటు శుభ్రం చేయడం తప్పయితే ఇక నేనేం చెప్పాలి? అత్త పీకిన గుంజలను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి మా పెరట్లో పేర్చింది. "పని గాంగనే మల్ల పాతుదాం," అన్నది.

పెద్దలు వచ్చారు. చైర్మన్, కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన కమిషనర్, నలుగురైదుగురు మెంబర్లు, వాళ్ళతో గుత్తదారు. కులపెద్ద చెప్పులు విడిచి దూరంగా నిలబడి దండం పెట్టాడు. మజ్జిగ ఇచ్చాం, తాగారు. చైర్మన్ పత్తి వ్యాపారి, నెమ్మదస్తుడు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు. ఆ ముగ్గు చూసి "మంచిగేసిన్రు," అని కూడా అన్నాడు. గుత్తదారు చేతిలో నీలం కాయితం ఉంది. దాని మీద తెల్ల గీతలతో మల్గీలు గీసి ఉన్నాయి. దాన్ని విప్పి పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా చేయి చూపుతూ నడిచాడు. అడ్డమేముంది? ఆయన కాలికి ఒక్క రాయి కూడా తగలలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండా మనం మాట్లాడటమేమిటని కులపెద్ద కూడా ఏమీ చెప్పలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక అత్త మురిసిపోయింది.

"జూసినవానె? ముగ్గు తొక్కలే! మర్యాదున్న మనిషి. మన పని అయినట్టే," అన్నది.

మా ఆయన మర్నాడే గుంజలు పాతుదామన్నాడు. మీటింగు కానివ్వమన్నాడు కులపెద్ద. ఇప్పుడు పాతితే పెద్దలు పోగానే తొందరపడ్డామనుకుంటారట. సరేనని ఊరుకున్నాం. జాగ అట్లాగే ఖాళీగా, అలికి ఉంది.

మీటింగు పాత కచేరి భవనంలో. మగవాళ్ళు లోపల వెనక బల్లల మీద కూర్చున్నారు. అత్త, నేను, ఇంకొందరు ఆడవాళ్ళం వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాం. మాటలన్నీ వినపడుతున్నాయి. మొదట గుత్తదారు మాట్లాడాడు. అబద్ధమాడాడని ఎట్లా అంటాను?

"జమ్మికుంటను జూడుండ్రి," అన్నాడు. "పత్తి బండ్లన్ని ఆడికే పోతున్నయ్. బండి పోయినకాడికే బేరం పోతది. మన ఊళ్ళె మంచి దుకాణమొక్కటి లేదు. నేను కట్టిస్త, కిరాయి మునిసిపాలిటీకే వస్తది. జాగ ఊకెనే పడున్నది. మీరందరు జూసిన్రు."

చైర్మన్ మా అర్జీ సంగతి ఎత్తాడు. "సాలోళ్ళు ఆడ పడుగులు జేస్కుంటమంటున్నరు. కమిషనర్ గారు, మీరేమంటరు?"

కమిషనర్ లేచాడు. మర్యాదగల మనిషే, గొంతు పెంచడు. "మనమందరం వెళ్ళి చూశామండి. స్థలం ఖాళీగా ఉంది, చాలా శుభ్రంగా ఉంది. పాకలు గానీ, గుంజలు గానీ, ఎవరూ వాడుతున్నట్టు ఆనవాళ్ళు గానీ నాకు కనిపించలేదు."

చాలా శుభ్రంగా ఉందట! మేము అలికిన అలుకు అది, నేను పెట్టిన ముగ్గు అది.

కులపెద్ద లేచి తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "అయ్యా, గుంజలుండె బాంచెన్. తాతల కాన్నుంచి ఉండె. మేమే పీకినం."

"ఎందుకు పీకిన్రు?" అన్నాడు చైర్మన్.

"మీరొస్తున్నరని, బాంచెన్."

లోపల ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంట ఇంకా నవ్వులు వచ్చాయి. ఇప్పటికీ ఎవరైనా పెద్దగా నవ్వితే నాకు ఆ నవ్వే గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది.

గుత్తదారు నవ్వలేదు. చేతులు జోడించి, మెత్తగా అన్నాడు. "ఒక్క మాట అంట, ఏమనుకోకుండ్రి. ఎవలన్న తమ జాగల గుంజలు తామే పీక్కుంటరా? సర్కారు జాగల పాతుకున్నమని వాళ్ళకు ఎరుకే. అందుకే పెద్దలొస్తున్నరంటె పీకి దాసిన్రు. లేకుంటె గుంజలే లేవు, గిప్పుడు జెప్తున్నరు. రెండిట్ల ఏదో ఒకటి."

"దాసలే అయ్యా! మర్యాదకు పీకినం, మర్యాదకు!" అన్నాడు కులపెద్ద.

"మర్యాదకు మగ్గం పని బందు వెట్టుకుంటరా?" అన్నాడొక మెంబరు. ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో పడుగు మీద కుంచె నడవడం చూసినవాడు లేడు. వాళ్ళు లేచేసరికి మా పని అయిపోయేది కదా!

చైర్మన్ మా వార్డు మెంబరు వైపు తిరిగాడు. "నీ వార్డేనాయె. గుంజలుండెనా, లేకుండెనా? నువ్వు జెప్పు."

మెంబరు లేచి మెడ గోక్కున్నాడు. ఆయన గుత్తదారును చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఉంటే ఉండొచ్చు," అన్నాడు. "నేను గంత పొద్దుగాల ఆ దిక్కు పోలే."

ఓరి నీ నోరు పడిపోను! ఓట్ల ముందు ఆ జాగలోనే, ఆ గుంజకే ఆనుకుని నిలబడి మా అత్తకు దండం పెట్టాడు ఆ మనిషి. నేను తిట్టుకుంటూనే ఉన్నాను, పక్కన అత్త కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకుని లోపలికి కేకవేసింది.

"గిప్పుడే రాండ్రి సాబ్! నేను జూపిస్త! గుంజలు పీకితె ఏమాయె, గుంతలు..."

అక్కడ ఆగిపోయింది. నా వైపు తిరిగి చూసింది. గుంతలెక్కడున్నాయి? మేమే పూడ్చాం, దిమ్మిస కొట్టాం, పైన అలికాం. బంట్రోతు వచ్చి ఆడవాళ్ళు మాట్లాడొద్దని గదిమాడు. గదమకపోయినా ఆమె ఇంక మాట్లాడేది కాదు. ఊచలు పట్టుకున్న చేతులు వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుంది. అంత నోరున్న మనిషి నోరు మూతపడటం నేను మొదటిసారి చూశాను.

చేతులు ఎత్తారు. ఒప్పుకున్నామన్నారు. ఊరవతల గుట్ట కింద మాకు ఇంకొక జాగ చూపించే సంగతి ఆలోచిస్తామని చైర్మన్ అన్నాడు. ఆయనకు మా మీద జాలి ఉంది. గుట్ట కింద పొద్దున్నుంచీ ఈదురుగాలి. దుమ్ము లేచి గంజి పోగులకు అంటుకుంటుంది. ఒక్కసారి పోయి ప్రయత్నించి వచ్చాం. తెచ్చిన పడుగు చిక్కులు తీయడానికే వాడంతా చాలలేదు.

ఆ మీటింగు నుంచి ఇంటికి వచ్చాక మా ఆయన తల్లిని ఒక్క మాట అనలేదు. నేను చెప్పింది వినలేదేమని కూడా అనలేదు. అత్త ఆ మాట కోసమే ఎదురుచూసింది. అన్నం పెడుతూ అడిగింది.

"తిట్టరా. ఒక్క మాటన్న తిట్టు."

"ఏమంటనే అవ్వా," అన్నాడు. అన్నం కలుపుకుని తిని, చేయి కడుక్కుని మగ్గంలోకి పోయాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత అత్త నన్ను తిట్టడం కూడా తగ్గించింది. నాకది ఏమాత్రం సుఖమనిపించలేదు.

పునాదులు తవ్వారు. గోడలు లేచాయి. మేము వాడ సందులో పడుగు పరిచి చూశాం. సందు నడుమ వంకర ఉంది. పడుగుకు వంకర పనికిరాదు, పోగులు ఒక పక్క బిగిసి ఒక పక్క వదులై వేలాడతాయి. పడుగును పొట్టి ముక్కలు చేశాం. ముక్కకొక అతుకు వేసేసరికి నేత సగానికి పడిపోయింది. కొన్ని ఇళ్ళవాళ్ళు మగ్గాలు ఎత్తి కట్టేశారు. మా ఆయన మాత్రం పట్టువదలలేదు. మల్గీల ముందు కొత్తగా కంకర రోడ్డు వేశారు. తెల్లవారుజామున అక్కడ బండి కూడా తిరగదు, చప్పున పని కానిచ్చుకుని వచ్చేద్దామన్నాడు. గుంజలకు బదులు ఆ కొస ఈ కొస మనుషులమే పట్టుకుందామన్నాడు.

ఆ తెల్లవారి నేనొక కొస, పక్కింటి వదిన ఒక కొస నడుముకు కట్టుకుని నిలబడ్డాం. మా ఆయన, ఇంకొకాయన కుంచెలు పట్టారు. గంజి బాగా పట్టింది. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కళ వచ్చింది, నన్ను చూసి "గట్టిగ నిలవడు, పడుగు నిన్ను గుంజుకపోతది," అని ఆటపట్టించాడు కూడా. అప్పుడే సిమెంటు లారీ వచ్చింది.

అత్త చేతులు చాపి ఎదురుపోయింది. "ఆగు బిడ్డా! సుట్టు తిరిగి రా, పడుగు దాటొద్దు!"

డ్రైవరు ఏ ఊరివాడో. హారన్ కొట్టి తల బయటపెట్టాడు. "సడక్ మీద గీ తాళ్ళేంది? జరుగు ముసలమ్మా, జరుగు!" సిమెంటు దించి ఎండెక్కేలోగా ఇంకొక ట్రిప్పు పోవాలట. ఆపలేదు. మా ఆయన తల్లిని పక్కకు లాగకపోతే ఆమె చక్రాల కింద పడేదే. వదిన, నేను నడుముల కట్లు విప్పుకుని దూకాం. లారీ పడుగు దాటి పోయింది. దాటిన చోట పోగులన్నీ తెగి, గంజితో మట్టితో ముద్దయ్యాయి.

మా ఆయన ఆ ముద్ద దగ్గర కూర్చున్నాడు. తెగిన కొసలు ఏరి ముడివేయడం మొదలుపెట్టాడు. రెండు మూడు ముడులు వేశాడు. తర్వాత చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఊరుకున్నాడు. నేను ఏడ్చాను, అందరికీ వినపడేటట్టే ఏడ్చాను. అత్త ఏడవలేదు.

"అవ్వా, నేను పోత," అన్నాడాయన. ఎక్కడికని అత్త అడగలేదు.

ఆ వారంలోనే పోయాడు. గోదావరి దాటి, బొగ్గుబావికి. పోయేనాడు నేను ఆయన చొక్కా పట్టుకుని వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. మా మేనమామ మూలుగు చెప్పాను. "మగ్గం గుంతల కాళ్ళు వెట్టుకొని కూసునేటోన్నే గద, గది జర పెద్ద గుంత," అని నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. అత్త సద్ది మూట కట్టి ఇచ్చి, గడపలో నిలబడి, సందు మలుపు దాకా చూసి లోపలికి వచ్చింది. భూమిలో దిగనియ్యనన్న మాట ఆమె ఆ తర్వాత ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మల్గీలు పూర్తయ్యాయి. ప్రారంభానికి పైనుంచి ఎవరో పెద్దాయన వస్తున్నాడన్నారు. ముందురోజు పొద్దున మా వార్డు మెంబరు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కొత్త చీపురు కట్ట, పక్కన ఒక మనిషి నెత్తిన ముగ్గుపిండి బుట్ట.

"అక్కా," అన్నాడు మా అత్తతో. "ఆ దినం మీరు మస్తు సాఫ్ జేసిన్రు. చేర్మెన్ సాబు ఇప్పటికి యాది జేస్తడు. రేపు జర మల్ల గట్లనే అలికి ముగ్గులెయ్యుండ్రి. పెద్దలొస్తున్నరు."

ఆయన వెటకారానికి రాలేదు. అదే నా కడుపుమంట. నిజంగా మెచ్చుకుని, నిజంగా అడగడానికే వచ్చాడు. నేను నోరు తెరవబోయాను, అప్పటికి నా నోరూ తక్కువదేమీ కాదు. అత్త చేయి అడ్డం పెట్టింది. మెంబరు చేతిలోని చీపురు తీసుకుని గోడకు ఆనించింది. బుట్ట దించుకుంది. "మంచిది, పో," అన్నది. ఆయన సంతోషంగా పోయాడు. పోతుందేమో, అలుకుతుందేమో అనుకున్నాను. ఆ ఒక్క క్షణం ఆమె మీద అసహ్యం వేసింది.

అత్త పెరట్లోకి పోయింది. గొడ్డలి చప్పుడు వినపడి నేను వెనకే పోయాను. గుంజలన్నీ అక్కడే ఉన్నాయి, ఆమె కడిగి పేర్చినవి పేర్చినట్టే. మళ్ళీ పాతుదామని వాటి మీద పాత గోనె కూడా కప్పి ఉంచింది. పసుపు వెలిసిపోయింది గానీ బొట్లు ఇంకా కనపడుతున్నాయి. ఒక్కొక్కటే తీసి చీలుస్తోంది.

"అత్తా, మామ చేతులు పట్టిన కర్రలవి," అన్నాను.

"పట్టె," అన్నది. "ఇడువు. పొయ్యి అంటువెట్టు."

నేనే పొయ్యి అంటించాను. ఏళ్ళ తరబడి ఎండిన కర్ర, ఎంత బాగా మండిందో. అన్నం తొందరగానే ఉడికింది. అత్త నాకు పెట్టింది. ఎప్పటిలాగే నాకు పెట్టాక తాను పెట్టుకుంటుందనుకున్నాను. ఖాళీ కంచం ముందర పెట్టుకుని, నేను తినడం చూస్తూ కూర్చుంది.

"నా కొడుకు తిన్నడో లేదో బాయి కాడ," అన్నది. "నువ్వు తిను."

నేను తిన్నాను.